ఒక చెయ్యి కోసం: ‘ఇన్ మెమోరియమ్’ చదవడం

అందరికీ నమస్కారం. దూరం నుంచి బస్సుల్లో వచ్చిన పిల్లలకు మరీ మరీ నమస్కారం.

ఈ రోజు నేను మాట్లాడబోయే కావ్యం మీలో చాలామందికి తెలుసు, కానీ తెలుసన్న సంగతి తెలియదు. ‘అసలు ప్రేమించనే ప్రేమించకుండా ఉండడం కంటే ప్రేమించి పోగొట్టుకోవడం మేలు’ అన్న మాట ఎవరి వాట్సాప్ స్టేటస్‌లోనో చూసే ఉంటారు. ‘నేచర్, రెడ్ ఇన్ టూత్ అండ్ క్లా’ అన్న మాట బయాలజీ క్లాసులో వినే ఉంటారు. కోరలూ పంజాలూ నెత్తురోడే ప్రకృతి. అది డార్విన్ అన్నాడని చాలామంది అనుకుంటారు. ఆ రెండు మాటలూ ఒకే కావ్యంలోవి. రాసింది ఆల్‌ఫ్రెడ్ టెనిసన్. కావ్యం పేరు ‘ఇన్ మెమోరియమ్’. అచ్చయింది 1850లో. డార్విన్ ‘ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్’ వచ్చింది 1859 నవంబరులో, అంటే ఇంకో తొమ్మిదేళ్లకు.

ముందుమాట, ముగింపు కాకుండా 131 ఖండికలు. మూడువేలకు కాస్త తక్కువ పంక్తులు. సిలబస్‌లో నాలుగైదు ఖండికలు పెడతారు. పరీక్షకు ‘విశ్వాసానికీ సందేహానికీ మధ్య ఘర్షణ’ అని ఒక వ్యాసం రాసేస్తారు. ముప్పై ఏళ్లు నేనూ అలాగే రాయించాను. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ ఒక్క వాక్యం రాయడానికి కవికి పదిహేడేళ్లు ఎందుకు పట్టిందో ఆ వ్యాసం చెప్పదు.

అంత పెద్ద కావ్యం ఎలా చదవాలని విద్యార్థులు అడిగితే నేను ఒకటే చెబుతాను. ఒక మాట పట్టుకోండి. దాని వెంట నడవండి. ఈ కావ్యంలో ఆ మాట ‘చెయ్యి’. హ్యాండ్. అది ఎక్కడెక్కడ వస్తుందో పెన్సిలుతో గీసుకుంటూ పోండి. దేవుడు, ప్రకృతి, మరణం, భూగర్భ శాస్త్రం అన్నీ ఆ చెయ్యి చుట్టూనే తిరుగుతాయి.

ముందు కథ చెప్పాలి.

టెనిసన్ 1809లో లింకన్‌షైర్‌లోని సోమర్స్‌బీ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి చర్చి ఫాదర్. ఇంటినిండా పిల్లలు. కేంబ్రిడ్జి ట్రినిటీ కాలేజీలో చదివేటప్పుడు ఆర్థర్ హెన్రీ హాలమ్ అనే కుర్రాడు స్నేహితుడయ్యాడు. హాలమ్ తండ్రి పేరున్న చరిత్రకారుడు. కుర్రాడు మాటకారి, తెలివైనవాడు, టెనిసన్ పద్యాలను అందరికంటే ముందు గట్టిగా మెచ్చుకున్నవాడు. సెలవులకు సోమర్స్‌బీ వచ్చేవాడు. అలా వచ్చి టెనిసన్ చెల్లెలు ఎమిలీని ప్రేమించాడు. పెళ్లి కూడా కుదిరింది. అంటే టెనిసన్‌కు అతను స్నేహితుడూ, కాబోయే బావమరిదీ.

1833లో హాలమ్ తండ్రితో కలిసి యూరప్ ప్రయాణం వెళ్లాడు. సెప్టెంబరు 15న వియన్నాలో తండ్రి బయటికి వెళ్లి తిరిగొచ్చేసరికి కొడుకు సోఫాలో నిద్రపోతున్నట్టు ఉన్నాడు. కాసేపటికి గానీ అది నిద్ర కాదని ఆయనకు తెలియలేదు. మెదడులో నరం చిట్లింది. వయసు ఇరవై రెండేళ్లు.

అప్పట్లో ఫోన్ లేదు, టెలిగ్రాఫ్ లేదు. కబురు ఉత్తరంలో రావాలి. సోమర్స్‌బీకి ఆ ఉత్తరం అక్టోబరు మొదట్లో చేరింది. మధ్యలో రెండు వారాలకు పైగా ఆ ఇంట్లో అందరూ హాలమ్ బతికే ఉన్నాడనుకుంటూ నవ్వారు, తిన్నారు, అతని గురించి మాట్లాడుకున్నారు. ఆరో ఖండిక అంతా ఆ రోజుల గురించే. ఓడలో వెళ్లిన కొడుకును కాపాడమని ఒక తల్లి తలవంచి ప్రార్థిస్తూ ఉంటుంది. సరిగ్గా ఆ క్షణంలోనే అక్కడ అతని శవం సముద్రంలోకి జారుతూ ఉంటుంది. ఒక అమ్మాయి ఈ రాత్రి అతను వస్తాడని అద్దం ముందు జుట్టు సర్దుకుంటూ ఉంటుంది. వాళ్లతో పాటు నేనూ అంటాడు కవి. అతను పోయిన ఆ గడియలో కూడా అతనికి ఏమి చెప్పాలా, ఏమి రాయాలా అని ఆలోచిస్తూనే ఉన్నాను అంటాడు.

శవాన్ని ఇటలీ తీరం నుంచి, ట్రియెస్ట్ రేవు నుంచి, ఓడలో ఇంగ్లండుకు తెచ్చారు. సెవెర్న్ నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో క్లీవ్‌డన్ అనే ఊరి చర్చిలో 1834 జనవరి 3న సమాధి చేశారు. పోయిన రోజు నుంచి లెక్కేస్తే మూడున్నర నెలలు. తొమ్మిదో ఖండిక నుంచి పదిహేడో ఖండిక దాకా టెనిసన్ ఆ ఓడ కోసం ఎదురుచూస్తూ ఉంటాడు. గాలులు మెల్లగా వీచాలని, ఓడ కుదుపు లేకుండా రావాలని వేడుకుంటాడు. పోయినవాడికి కుదుపేమిటి అని మీరు అడగకండి. ఎదురుచూసిన ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది.

పదో ఖండిక నేను తెలుగులో చెబుతాను. అక్షరానికి అక్షరం కాదు, భావం మాత్రం పోనివ్వను.

‘నీ అడుగున నీళ్లు చీలే చప్పుడు నాకు వినిపిస్తోంది. రాత్రిపూట కొట్టే గంట వినిపిస్తోంది. గది కిటికీలో వెలుగు కనిపిస్తోంది. చుక్కాని దగ్గర నావికుడు కనిపిస్తున్నాడు. నువ్వు నావికుణ్ణి అతని భార్య దగ్గరికి తెస్తావు. పరాయి దేశాలు తిరిగినవాళ్లను ఇంటికి తెస్తావు. వణికే చేతులకు ఉత్తరాలు తెస్తావు. నీ చీకటి సరుకుగా, మాయమైపోయిన ఒక ప్రాణాన్ని తెస్తున్నావు.’

ఈ ఖండిక నేను డిగ్రీ క్లాసులో చెబుతుండగా జరిగింది ఒకటి మీకు చెప్పాలి. మన ఈ ప్రాంతంలో గల్ఫ్‌కు పోని ఊరుందా? ‘చీకటి సరుకు’ అనే మాట బోర్డు మీద రాసి, సరుకు అంటే కార్గో అని చెప్పాను. మూడో బెంచీలో కూర్చున్న అమ్మాయి తల దించుకుంది. క్లాసయ్యాక వరండాలో నా దగ్గరికి వచ్చింది. ‘సార్, మేము కూడా శంషాబాద్‌ల కార్గో గేటు కాడ పొద్దంతా నిలబడ్డం’ అంది. నాన్నను తేవడానికి నెల దాటింది అంది. కాగితాలు, సంతకాలు, మళ్లీ కాగితాలు. కొంచెంసేపు ఆగి, ‘పెట్టె తెరవద్దన్నరు సార్. నాన్న చెయ్యి ఒక్కసారి చూపియ్యమని అడిగిన. పెట్టె మీదనే చెయ్యి పెట్టి కూసున్న’ అంది.

నాకు ఏం మాట్లాడాలో తోచలేదు. ఆ రాత్రి ఇంటికెళ్లి పదో ఖండిక చివరి పంక్తులు మళ్లీ చదివాను. ముప్పై ఏళ్లు చదివినవే. ఓడ మునిగితే ఏమవుతుందో టెనిసన్ ఊహించుకుంటాడు. ‘నా చేతిలో ఎన్నోసార్లు ఒదిగిన ఆ చేతులు సముద్రపు నాచుతో, గవ్వలతో కలిసి కొట్టుకుపోతాయే’ అంటాడు. చేతులు. ముఖం గురించి కాదు, కళ్ల గురించి కాదు. ఆ రోజు నుంచే నేను ఈ కావ్యంలో చేతుల్ని గీతగీసి చదవడం మొదలుపెట్టాను. నాకు దారి చూపింది ఆ అమ్మాయి.

ఇక పద్నాలుగో ఖండిక. ఓడ రేవుకు చేరిందని ఎవరో వచ్చి చెబితే, నేను రేవుకు వెళితే, ప్రయాణికులు పలక మీద దిగుతూ ఉంటే, వాళ్లలోంచి అతనే దిగివచ్చి ఠక్కున నా చేతిలో చెయ్యి వేసి, ఇంట్లో అందరూ ఎలా ఉన్నారని అడిగితే, ‘నాకు వింతగా అనిపించదు’ అంటాడు. ఇరవై పంక్తుల ఖండిక అంతా ఒకే వాక్యం. అయితే, అయితే, అయితే అంటూ సాగి చివరి పంక్తిలో ఆగుతుంది. దుఃఖంలో ఉన్న మనిషి మనసు ఎలా పనిచేస్తుందో ఇంత సూటిగా చెప్పిన ఇంగ్లీషు పద్యం నేను మరొకటి చదవలేదు.

ఇప్పుడు పద్యం నడక గురించి. తెలుగు చదువుకున్న మనకు ఇది సులువుగా పట్టుబడుతుంది. మన పద్యంలో ప్రాస పాదం మొదట్లో ఉంటుంది, రెండో అక్షరం దగ్గర. ఇక్కడ పాదం చివర ఉంటుంది. నాలుగు పాదాలు, పాదానికి ఎనిమిది సిలబుల్స్. రెండో పాదం మూడో పాదంతో కలుస్తుంది. మొదటి పాదం నాలుగో పాదంతో కలుస్తుంది. ఏడో ఖండిక మొదటి నాలుగు పాదాల చివరి మాటలు వినండి: స్టాండ్, స్ట్రీట్, బీట్, హ్యాండ్. ‘స్టాండ్’ అనే శబ్దం మొదట వచ్చి వెళ్లిపోతుంది. మధ్యలో స్ట్రీట్, బీట్ దగ్గర దగ్గరగా పలుకుతాయి. మొదటిదాన్ని చెవి మరిచిపోయే వేళకు ‘హ్యాండ్’ అని తిరిగి వస్తుంది. పోయిందనుకున్న శబ్దం తిరిగి రావడం, అయినా అదే మాటగా రాకపోవడం. కావ్యం పొడుగునా ఈ నడక మారదు. అలలాగా ముందుకు వచ్చి వెనక్కి తగ్గుతూ ఉంటుంది.

ఆ ఏడో ఖండిక సంగతి ఏమిటంటే, లండన్‌లో వింపోల్ స్ట్రీట్‌లో హాలమ్ వాళ్ల ఇల్లు ఉండేది. టెనిసన్‌కు నిద్రపట్టక తెల్లవారుజామున ఆ వీధికి వెళ్లి, దొంగలాగా ఆ తలుపు దగ్గరికి నక్కి నక్కి పోతాడు. ఒకప్పుడు ఆ తలుపు దగ్గర నిలబడితే గుండె వేగంగా కొట్టుకునేది, ‘ఒక చెయ్యి కోసం ఎదురుచూస్తూ’. అక్కడ పద్యం తెగుతుంది. తరువాతి పద్యం ‘ఇక ఎన్నడూ అందుకోలేని చెయ్యి’ అని మొదలవుతుంది. రెండు పద్యాల మధ్య ఖాళీలో ఆ చెయ్యి ఆగిపోయింది. చివరి పాదం ఇంగ్లీషులోనే వినాలి: ‘ఆన్ ద బాల్డ్ స్ట్రీట్ బ్రేక్స్ ద బ్లాంక్ డే’. బోడి వీధి మీద వట్టి పగలు పగులుతుంది. ఆ ‘బ’ శబ్దాలు మూసిన తలుపు మీద కొట్టినట్టు ఉంటాయి. పైకి చదవండి. ఈ కావ్యాన్ని కళ్లతో చదివితే సగమే అందుతుంది.

ఇవన్నీ ఒక గ్రంథం రాద్దామని రాసినవి కావు. చావు కబురు అందిన కొద్దిరోజులకే ఒకటి రాశాడు. తర్వాత ఇంకొకటి. మాంసం కొట్టులో ఖాతాలు రాసుకునే పుస్తకంలాంటి పొడుగాటి లెక్కల పుస్తకంలో రాసుకుంటూ పోయాడు. ఒకసారి అద్దె గది ఖాళీ చేస్తూ ఆ పుస్తకాన్ని అలమారలోనే మరిచిపోయి వెళ్లిపోయాడు. కోవెంట్రీ ప్యాట్‌మోర్ అనే మిత్రకవి వెళ్లి వెతికి తెచ్చాడు. లేకపోతే ఈ రోజు మనం ఇక్కడ కూర్చునే పని లేదు.

సరే, ప్రకృతి దగ్గరికి వద్దాం. నాకు అన్నిటికంటే ముఖ్యమైన చోటు ఇదే. 54, 55, 56 ఖండికలు. ఈ మూడూ కలిపి ఒకే విడతలో చదవాలి.

హాలమ్ పోయిన రోజుల్లోనే ఇంగ్లండులో ఇంకో సంగతి జరుగుతోంది. 1830 నుంచి 1833 వరకు చార్లెస్ లైల్ అనే ఆయన భూగర్భ శాస్త్రం మీద మూడు సంపుటాల గ్రంథం అచ్చువేశాడు. వాన, నది, అల, అగ్నిపర్వతం, ఈ రోజు మన కళ్లముందు పనిచేసేవే కొలవలేనంత కాలం పనిచేసి నేలను ఇలా మలిచాయి అన్నాడు. బైబిలు లెక్కన భూమికి ఆరువేల ఏళ్లు అని నమ్మినవాళ్లకు అది కాళ్ల కింద నేల కదిలినట్టయింది. ఇంకో మాట కూడా ఉంది. రాతి పొరల్లో దొరికే జీవుల్లో ఎన్నో జాతులు ఇప్పుడు ఎక్కడా లేవు. పూర్తిగా అంతరించిపోయాయి. టెనిసన్ లైల్‌ను 1837 ప్రాంతంలో శ్రద్ధగా చదివాడు. ఒక్క స్నేహితుడు పోయిన బాధలో ఉన్నవాడికి, జాతులకు జాతులే పోయాయని తెలిసింది.

54లో ఇంకా ఆశ ఉంది. చెడు చివరికి ఎలాగోలా మంచికే దారితీస్తుందని నమ్ముదాం అంటాడు. ఏ అడుగూ దిక్కు లేకుండా పడదని, ఒక్క ప్రాణమూ చెత్తలాగా శూన్యంలోకి విసిరివేయబడదని, రెండుగా తెగిన పురుగు కూడా ఊరికే తెగలేదని, దీపం మీద ఆశపడి కమిలిపోయిన రెక్కల పురుగు కూడా ఊరికే కాలలేదని. వానాకాలం సాయంత్రం మన ఇళ్లలో బల్బు కింద పళ్లెంలో నీళ్లు పోసి పెడతామే, పొద్దున చూస్తే దాన్నిండా రెక్కలు తేలుతుంటాయే, ఆ పురుగు. దానికి కూడా లెక్క ఉండాలి అంటాడు. వెంటనే, ‘మనకేమీ తెలియదు’ అంటాడు. ఖండిక చివర ఇలా ఉంటుంది:

‘నా కల ఇలా సాగుతుంది. కానీ నేనెవరిని? రాత్రిపూట ఏడుస్తున్న పసిబిడ్డను. వెలుతురు కోసం ఏడుస్తున్న పసిబిడ్డను. ఏడుపు తప్ప మరో భాష రాని బిడ్డను.’

ఈ బిడ్డను గుర్తుపెట్టుకోండి. మళ్లీ వస్తాడు.

55లో ప్రకృతిని నిలదీస్తాడు. ఈమె జాతి విషయంలో ఎంతో జాగ్రత్తగా ఉన్నట్టు కనిపిస్తుంది, ఒక్కొక్క ప్రాణం విషయంలో మాత్రం ఇంత నిర్లక్ష్యమా? యాభై విత్తనాలు వేస్తే తరచుగా ఒక్కటే కాపుకు తెస్తుంది అంటాడు. దేవుడికీ ప్రకృతికీ పడదా అని అడుగుతాడు. అప్పుడు చెయ్యి వస్తుంది. చీకట్లోంచి దేవుడి దాకా పైకిపోయే బలిపీఠపు మెట్లు. ఆ మెట్ల మీద జారిపడతాడు. ‘విశ్వాసపు అవిటి చేతులు చాచి తడుముతాను. దుమ్మూ పొట్టూ పోగుచేసుకుంటాను’ అంటాడు. కళ్లంలో తూర్పారబట్టాక గింజ ఎక్కడో పోయి, తాలూ పొట్టూ చేతికి దొరికితే ఎలా ఉంటుందో వ్యవసాయం చేసిన ఇంటివాళ్లకు నేను చెప్పనక్కరలేదు. స్నేహితుడి చెయ్యి కోసం చాచిన చేతులే ఇప్పుడు దేవుడి కోసం చాచాడు. రెండు చోట్లా ఏమీ అందలేదు.

56 మొదటి మాటే ‘జాతి విషయంలో జాగ్రత్తా? కాదు’ అని. నిన్న రాసిన పంక్తిని తానే పట్టుకొచ్చి కొట్టేస్తాడు. చెక్కిన కొండల్లోంచి, తవ్విన రాళ్లలోంచి ప్రకృతి అరుస్తుంది: ‘వేయి జాతులు పోయాయి. నాకు దేనితోనూ పనిలేదు. అన్నీ పోతాయి.’

తవ్విన రాయి అంటే మనవాళ్లకు వెంటనే గ్రానైట్ క్వారీ గుర్తొస్తుంది. అందులో శిలాజాలు ఉండవు. అది కరిగి గడ్డకట్టిన రాయి. కవి చెప్పేది పొరలు పొరలుగా పేరుకున్న రాయి. ఒక ఏడాది సింగరేణిలో పనిచేసే ఆయన కొడుకు ఒక రాతి పలక తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. బొగ్గు పొరల మధ్య దొరుకుతుంది ఆ రాయి, నల్లటి బూడిదరంగు. దాని మీద ఒక ఆకు. నాలుక ఆకారం, మధ్యలో ఈనె, రెండువైపులా వలలాగా సన్నటి ఈనెలు, నిన్న రాలినంత స్పష్టంగా. గ్లోసోప్టెరిస్ అంటారు. ఆ జాతి చెట్లు పోయి ఇరవై కోట్ల ఏళ్లు దాటింది. మన గోదావరి లోయ బొగ్గులో ఆ అడవులున్నాయి. ఆ పలక క్లాసులో చేతులు మారుతూ తిరిగింది. అప్పుడు 56 చదివాను. ఆ రోజు ఎవరికీ అర్థం విడమరచి చెప్పాల్సి రాలేదు.

ప్రకృతి ఇంకో మాట అంటుంది. ‘ఆత్మ అంటే ఊపిరి అని మాత్రమే అర్థం, అంతకు మించి నాకు తెలియదు’ అంటుంది. ఇంగ్లీషు పిల్లలకు దీన్ని వివరించాలంటే లాటిన్ దాకా పోవాలి, ‘స్పిరిట్’ అనే మాటకు మూలం ఊపిరి అని. మనకు అక్కరలేదు. ‘ప్రాణం’ అంటే మనకు ఊపిరీ జీవమూ రెండూ. ప్రాణం పోయింది అంటాం. ఏది పోయినట్టు? ప్రకృతి వేసే ప్రశ్న అదే.

ఆ తర్వాత చాలా పెద్ద వాక్యం ఒకటి. ‘ఇక అతడు, అతడూనా’ అని మొదలవుతుంది. మనిషి. ప్రకృతి చేసిన చివరి పని. కళ్లలో అంత గొప్ప ఆశయం ఉన్నవాడు, చలికాలపు ఆకాశంలోకి కీర్తనలు పాడినవాడు, ఫలం లేని ప్రార్థనలకు గుడులు కట్టినవాడు, దేవుడంటే ప్రేమే అని నమ్మినవాడు, కోరలూ పంజాలూ నెత్తురోడుతూ ప్రకృతి తన నమ్మకం మీద కేకలు వేస్తున్నా నమ్మినవాడు, ప్రేమించినవాడు, న్యాయం కోసం పోరాడినవాడు, ఎడారి దుమ్ములో ఎగిరిపోతాడా? ఇనుప కొండల్లో మూతపడిపోతాడా? కర్త ఒక పద్యం చివర, క్రియ ఆ తర్వాతి మూడో పద్యంలో. ఇంగ్లీషువాళ్లకు ఆ ఆలస్యం ఊపిరి ఆడనివ్వదు. క్రియ కోసం వాక్యం చివరిదాకా ఆగడం మనకు పుట్టుకతో అలవాటు. అందుకే ఈ వాక్యాన్ని తెలుగులో చెప్పినప్పుడు దాని బరువు మనకు ఇంకా బాగా తెలుస్తుందని నా నమ్మకం.

ఇప్పుడు ఆ పంజా అనే మాట చూడండి. ఇన్ని ఖండికలుగా ఒక చెయ్యి కోసం వెతుకుతున్నాడు కదా. ప్రకృతి వైపు చూస్తే కనిపించింది పంజా. ప్రకృతికి ఉన్న చెయ్యి అది. ఈ మాటను విడిగా తెంపుకుని డార్విన్ పేరుతో వాడుకునేవాళ్లకు ఈ సంగతి అందదు. స్నేహితుడి చెయ్యి అందని మనిషికి మాత్రమే అది అంత నెత్తురుగా కనిపించింది.

56 దగ్గర చాలామంది అధ్యాపకులు ఆపేస్తారు. ఇంకా 75 ఖండికలు ఉన్నాయి. కావ్యంలో ఏడాదికొకటిగా వచ్చే మూడు క్రిస్మస్‌లలో రెండు వాటిలోనే ఉన్నాయి. కొన్ని ఖండికలు నాకు నీరసంగానే అనిపిస్తాయి, వాటిని తొందరగా దాటవచ్చు. 95 మాత్రం దాటకండి.

వేసవి రాత్రి. ఇంటి ముందు పచ్చిక మీద అందరూ కూర్చున్నారు. గాలి లేదు, కొవ్వొత్తి మంట కదలడం లేదు. టీ కోసం పెట్టిన నీళ్లు బల్ల మీద సన్నగా మరుగుతున్నాయి. పాత పాటలు పాడుకున్నారు. దూరంగా మిట్టల మీద తెల్లావులు పడుకుని మసక మసకగా మెరుస్తున్నాయి. చెట్లు నల్లటి చేతులతో పొలాన్ని చుట్టుకున్నాయి. ఒక్కొక్కరే లోపలికి వెళ్లారు. ఇంట్లో ఒక్కొక్క దీపమే ఆరిపోయింది. ఒంటరిగా మిగిలాక అతనికి ఆకలి వేసింది, గుండెకు. హాలమ్ ఉత్తరాలు తీసి చదివాడు. రాలినా పచ్చదనం పోని ఆకులు అంటాడు ఆ ఉత్తరాలను. మాట తర్వాత మాట, వరస తర్వాత వరస, ‘చనిపోయినవాడు గతంలోంచి నన్ను తాకాడు’. అతని సజీవ ఆత్మ తన ఆత్మ మీద మెరిసింది. మొదటి అచ్చులో ‘అతని’ ఆత్మ అని రాశాడు. తర్వాతి ముద్రణల్లో ‘ఆ’ ఆత్మ అని మార్చాడు. తాకింది స్నేహితుడో, దేవుడో తేల్చి చెప్పడానికి నిజాయితీ గల మనిషికి నోరు రాలేదు.

ఆ అనుభవం ఎంతసేపు నిలిచింది? సందేహం వచ్చి దాన్ని చీల్చేసింది. మళ్లీ తెల్లావులు, మళ్లీ చెట్ల నల్లటి చేతులు, అవే రెండు పంక్తులు అక్షరం మారకుండా తిరిగి వస్తాయి. తేడా ఒక్కటే, ఇప్పుడు తెల్లవారుతోంది. చిన్న గాలి లేచి ‘తెల్లవారింది, తెల్లవారింది’ అని ఆగిపోతుంది. తూర్పూ పడమరా తమ మసక వెలుగులను, ప్రాణాన్నీ చావునూ కలిపినట్టు, కలిపేస్తాయి.

దాని వెంటనే 96లో అందరికీ తెలిసిన మాట వస్తుంది: ‘సగం మతసిద్ధాంతాల్లో కంటే నిజాయితీ గల సందేహంలోనే ఎక్కువ విశ్వాసం ఉంటుంది’. ఆ మాట ఎవరితో అంటున్నాడో ఎవరూ చూడరు. సందేహం సైతాను బిడ్డ అని చెప్పిన ఒక అమ్మాయితో. ఆమెను కసురుకోడు. నీళ్లలో మునుగుతున్న ఈగలను చూసినా ఆమె లేతనీలం కళ్లు జాలిపడతాయి అంటాడు. ఈగ కోసం జాలిపడే మనిషికి యాభై విత్తనాల లెక్క ఎలా చెప్పాలి? అందుకే అంత మెత్తగా చెబుతాడు.

ఇక 124. ‘లోకంలోనూ సూర్యుడిలోనూ ఆయన నాకు కనబడలేదు. గద్ద రెక్కలోనూ పురుగు కంటిలోనూ కనబడలేదు’ అంటాడు. ఇది చాలా ధైర్యమైన మాట. ఆ కాలంలో కేంబ్రిడ్జిలో విలియం పేలీ అనే మతపండితుడిని చదివించేవాళ్లు. గడియారాన్ని చూస్తే చేసినవాడు ఉన్నాడని తెలుస్తుంది కదా, కంటిని చూసినా అంతే అని పేలీ వాదం. టెనిసన్ ఆ వాదం నాకు పనికిరాదు అంటున్నాడు. ప్రకృతిని చూసి దేవుడిని రుజువు చేయలేను, 56లో చూశాను కదా ఏం కనిపించిందో. మరి ఎలా? ‘ఇక నమ్మవద్దు’ అని లోపల ఒక గొంతు పలికినప్పుడు, గుండె కోపం వచ్చిన మనిషిలాగా లేచి నిలబడి ‘నేను అనుభవించాను’ అంది అంటాడు.

చాలామంది అక్కడితో ఆపి చప్పట్లు కొడతారు. తరువాతి మాట చూడండి. ‘కాదు’ అంటాడు. కోపం వచ్చిన మగవాడిలాగా కాదు, భయపడ్డ బిడ్డలాగా. 54లో బిడ్డ తిరిగి వచ్చాడు. ‘అప్పుడు నేను ఏడుస్తున్న బిడ్డను. కానీ ఏడుస్తూనే, తండ్రి దగ్గరలోనే ఉన్నాడని తెలిసిన బిడ్డను.’ ఏడుపు ఆగలేదు. రాత్రి పోలేదు. 70 ఖండికల తర్వాత కూడా ఆ బిడ్డకు ఏడుపు తప్ప భాష రాలేదు. మారింది ఒక్కటే, పక్కన ఎవరో ఉన్నారు. ఆ ఖండిక చివరి పంక్తుల్లో ‘చీకట్లోంచి చేతులు వచ్చాయి, ప్రకృతి గుండా చాచి మనుషులను మలిచే చేతులు’ అంటాడు. పంజా ఉన్న చోటే, అదే ప్రకృతి గుండా, చేతులు. చూశానని అనలేదు, రుజువు చేశానని అనలేదు. వచ్చాయి అన్నాడు.

ఇందాక లోపలికి వస్తుంటే ఒకబ్బాయి అడిగాడు, ‘సార్, చివరికి విశ్వాసం గెలిచినట్టేనా’ అని. బాబూ, ముందుమాట చదివితే గెలిచినట్టే ఉంటుంది. ‘బలవంతుడైన దేవుని కుమారుడా, అమర ప్రేమా’ అని ప్రార్థనతో మొదలవుతుంది. కానీ ఆ ముందుమాట రాసింది 1849లో, దాదాపు అన్నీ అయ్యాక. పుస్తకం మొదట్లో పెట్టి అచ్చువేసేసరికి అది జవాబులాగా కనిపించి మిగతాదంతా లెక్కలాగా అయిపోతుంది. నా సలహా ఏమిటంటే దాన్ని చివర చదవండి. చివర ఉన్న పెళ్లిపాట నాకు అంతగా నచ్చదు. అందరినీ సంతోషపెట్టి పంపాలన్న తొందర అందులో ఉంది. నడిమి 131 ఖండికల్లో మాత్రం అలాంటి తొందర లేదు.

పుస్తకం 1850లో కవి పేరు లేకుండా వచ్చింది. అదే ఏడాది జూన్‌లో ఎన్నో ఏళ్లు ఆగిన పెళ్లి చేసుకున్నాడు. కొత్తపెళ్లికూతురిని తీసుకుని క్లీవ్‌డన్ వెళ్లాడు, హాలమ్ సమాధి దగ్గరికి. నవంబరులో ఆస్థానకవి అయ్యాడు. 1861 డిసెంబరులో భర్త పోయాక విక్టోరియా మహారాణి, బైబిలు తర్వాత తనకు ఓదార్పు ఇదే అంది. ఇంగ్లండు మహారాణికీ, మా కాలేజీలో మూడో బెంచీ అమ్మాయికీ ఒకే పుస్తకం పనికొచ్చింది.

ఇంటికి వెళ్లాక రోజుకో ఖండిక చదవండి. 131 రోజులు పడుతుంది. పైకి చదవండి. ‘చెయ్యి’ వచ్చిన చోటల్లా గీత గీయండి.

119వ ఖండిక వినిపించి కూర్చుంటాను. వరసలో ఇది 124 కంటే ముందు వస్తుంది, అయినా చివరికి దాచుకున్నాను. అదే వీధి. అదే తలుపు. అదే తెల్లవారుజాము. ఏళ్లు గడిచాయి.

‘ఒకప్పుడు నా గుండె అంత వేగంగా కొట్టుకున్న తలుపులారా, ఏడ్చేవాడిలాగా కాకుండా మళ్లీ వచ్చాను. ఊరు నిద్రపోతోంది. వీధిలో నాకు పచ్చిక వాసన వస్తోంది. పక్షుల కిచకిచ వినిపిస్తోంది. రెండువైపులా నల్లటి ఇళ్ల నడుమ తెల్లవారుతున్న లేతనీలపు సందు కనిపిస్తోంది. తొలిరోజులు తలుచుకుంటాను, నిన్ను తలుచుకుంటాను. నిన్ను దీవిస్తాను. నీ పెదవులు ప్రసన్నంగా ఉన్నాయి, నీ కంటిలో స్నేహం వెలుగుతోంది. నా తలపులో, నిట్టూర్పు కూడా దాదాపు లేకుండా, నా చేతిని నొక్కే నీ చేతిని అందుకుంటాను.’